జలగర్భమున ఛాయాగ్రహణము: ఒక పెట్టె పూర్వచరిత్ర

నేడు సముద్రములో మునిగి ఫోటోలును వీడియోలును తీయగోరు ఔత్సాహికుడు పడవ యంచున సిద్ధపరచుకొను సామగ్రిలో ముఖ్యమైనది అరచేత నిముడు చిన్న డిజిటల్ కెమెరా. దాని చుట్టును పాలికార్బొనేటుతోనో అల్యూమినియముతోనో చేసిన పెట్టె యొకటి యుండును. దీనిని హౌసింగు అందురు. పెట్టె క్రింద రెండు పిడులుగల ట్రే, పిడులపై కీళ్లవద్ద మడచుటకు వీలైన చేతులు, ఆ చేతుల కొసలయందు స్ట్రోబులనబడు మెఱుపుదీపములో వీడియో దీపములో, పెట్టె ముందరి గాజునకు నీటిలోనే బిగించుటకును ఊడదీయుటకును వీలగు వెలుపలి కటకము, వీనినన్నిటిని కూర్చి రెండు చేతులతో పట్టుకొని అతడు నీటిలోనికి దిగును. ఇదియంతయు ఈ పాతిక ముప్పది సంవత్సరములలో పుట్టిన పరికరజాలమని చూచువారికి తోచుట సహజము. కాని ఫిల్మునకు బదులు సెన్సారు వచ్చి చేరిన సంగతి నటుంచి, తక్కిన యంగములను పరిశీలించినచో, వానిలో అనేకములకు పూర్వరూపములు 19వ శతాబ్ది ముగియకముందే ఫ్రాన్సుదేశపు దక్షిణతీరమున ఒక చిన్న రేవులో ఏర్పడియుండెనని తెలియవచ్చును. నాటినుండి నేటివరకు మారినది ప్రధానముగా పరిమాణము. ముగ్గురు మోయలేక మోసిన బరువును నేడొక్కడు మోయుచున్నాడు. ఆ బరువు తగ్గిన క్రమమే ఈ వ్యాసమునకు విషయము.

సముద్రము ఛాయాగ్రహణమునకు మూడు విధముల ప్రతికూలమైనది. మొదటిది పీడనము. నీటిలో ప్రతి పది మీటర్ల లోతునకు ఇంచుమించుగా ఒక వాతావరణపీడనము చొప్పున పెరుగుచుండును. అనగా ముప్పది మీటర్ల లోతున పెట్టె ప్రతి చదరపు సెంటీమీటరుపైనను లోపలి గాలి ఒత్తిడికంటె దాదాపు మూడు కిలోగ్రాముల భారము అధికముగా పడును. పది సెంటీమీటర్ల పొడవును ఆరు సెంటీమీటర్ల ఎత్తునుగల చిన్న తలుపుమీద, ఈ లెక్కను, రమారమి నూట ఎనుబది కిలోగ్రాముల బరువు నిలుచునన్నమాట. రెండవది వక్రీభవనము. నీటి వక్రీభవనాంకము 1.33 అగుటచేత, చదునైన గాజుగుండ చూచిన వస్తువు తన నిజదూరములో ముప్పాతిక దూరముననే యున్నట్లును, మూడవవంతు పెద్దదైనట్లును కనబడును. నేలమీద విశాలదృశ్యమును గ్రహించు కటకము నీటిలో ఇరుకుచూపు గలదిగా మారిపోవును. మూడవది రంగు. నీరు సూర్యకాంతిలోని ఎఱుపును మొట్టమొదటి కొలది మీటర్లలోనే మ్రింగివేయును; తరువాత నారింజ, పసుపు వర్ణములు క్రమముగా లోపించి, తుదకు నీలహరితములు మాత్రమే మిగులును. ఫ్రెంచి నావికాధికారి కూస్తో తన మిత్రుడు ద్యూమా ఇరువది బారల లోతున ఈటెతో కొట్టిన చేపనుండి పచ్చని నెత్తురు కారుట చూచి ఇరువురును నివ్వెరపోయిన సంగతిని వ్రాసియున్నాడు. పైకి వచ్చుకొలది ఆ నెత్తురు గోధుమవన్నెకు తిరిగి, నీటిమట్టముకడ నెఱ్ఱనయ్యెనట. పెట్టె పీడనమునకును, ముందరి గాజు వక్రీభవనమునకును, దీపము వర్ణలోపమునకును సమాధానములు. ఛాయాగ్రహణచరిత్రలో జలగర్భశాఖ యంతయు ఈ మూడు సమాధానములను తిరిగి తిరిగి చెప్పుటతోనే గడచినది.

మొదటి ప్రయత్నము చేసినవాడు శాస్త్రజ్ఞుడును గాడు, మునుగువాడును గాడు. ఇంగ్లండు దక్షిణతీరమున వేమత్ పట్టణమున విలియమ్ థాంప్సన్ అను న్యాయవాది యుండెను; ప్రకృతిపరిశీలన యతనికి ప్రియమైన వ్యాసంగము. ఒక తుపానునాడు సముద్రపుపాయపై నున్న వంతెనను చూచుచు, దాని స్తంభములకు నీటి యడుగున నెంత నష్టము కలిగినదో, మునుగువానిని దింపకయే ఫోటోవలన తెలిసికొనరాదా యని అతడాలోచించెనట. 1856వ సంవత్సరము ఫిబ్రవరిమాసమున ముందువైపు గాజుపలకగల చెక్కపెట్టెలో కెమెరానుంచి, గాజుపై త్రాటితో ఎత్తుటకు వీలగు తలుపు నొకటి బిగించి, స్నేహితునితో కూడ పడవలో పోయి, దానిని మూడుబారల లోతునకు దింపెను. తలుపు పదినిమిషములు తెఱచియుంచెను. పెట్టెలోనికి నీరు చొరబడినది; ఐనను కొల్లోడియను పూసిన ఆ పలకపై ఇసుకయు, రాళ్లును, నాచుమొక్కలును మసకమసకగా కనబడినవి. చరిత్రకారులు పెక్కుమంది థాంప్సనును ఒక్కవాక్యముతో దాటిపోవుదురు. అది న్యాయముకాదని నా యభిప్రాయము. వినోదమునకు గాక పనికొఱకు, అనగా మునిగియున్న కట్టడములను పరీక్షించుటకొఱకు, కెమెరాను నీటిలోనికి పంపవచ్చునని మొదట తలచినవాడతడు. నేడు ఆనకట్టల గోడలను, ఓడరేవుల స్తంభములను, చమురుగొట్టములను పరీక్షించు కెమెరాలన్నియు ఆ తలపునకు సంతానమే. నీరు చొరబడుటయన్న విపత్తును మొదట అనుభవించినవాడును అతడే గనుక, ఈ విద్యను నేర్చినవారందఱును అతనికి ఏదోయొకనాడు సహాధ్యాయులైనవారే.

అసలైన వృత్తాంతము బాన్యూల్స్ అను రేవున ఆరంభమగును. మధ్యధరాసముద్రతీరమున, స్పెయిను సరిహద్దునకు చేరువగా, ఆంరీ ద లకాజ్ ద్యూతియే అను జంతుశాస్త్రజ్ఞుడు నెలకొల్పిన ఆరాగో ప్రయోగశాల అచట నున్నది. 1859లో జన్మించిన లూయీ బూతాన్ అచట పనిచేసిన జీవశాస్త్రజ్ఞుడు. శంఖజాతి ప్రాణులను గూర్చిన పరిశోధన యతనిది. ఆ కాలపు లోహశిరస్త్రాణమును, పడవనుండి గాలి పంపు గొట్టమును ధరించి సముద్రమున దిగినపుడు తాను చూచిన దృశ్యముల విచిత్రత నతడు మాటలతో ఇతరులకు చెప్పజాలక బాధపడెను. వర్ణన చాలదు, చిత్రము కావలయునని తలచెను. చిత్రకారుని కుంచెను నీటిలోనికి తీసికొనిపోవుట వీలుకాదు గనుక కెమెరాను తీసికొనిపోవ నిశ్చయించి, 1893లో తన సోదరుడు, ఇంజనీరునగు ఓగూస్తుచేత రాగిపెట్టె యొకటి రూపొందింపజేసెను.

ఈ రాగిపెట్టెను కొంత నిదానముగా పరిశీలింపవలయును, ఏలయన నేటి హౌసింగులోని యుక్తులలో నెక్కువభాగ మిందున్నవి. కెమెరా లోపల నుండగనే పలకలను మార్చుటకును, కటకపు మూతను తెఱచి మూయుటకును, గోడగుండ వెలికివచ్చిన మీట లేర్పడియుండెను. నేడు కానన్, సోనీ కెమెరాల హౌసింగులపై వరుసతీరి కనబడు మీటలును బొత్తములును ఇవియే. పెట్టె బలమునందు అతనికి పూర్తి నమ్మకము లేకపోవుటచేత, గాలినింపిన రబ్బరుబుడగ నొకదానిని గొట్టముతో పెట్టెకు కలిపిరి. లోతునకు పోవుకొలది నీటిపీడనము బుడగను నొక్కును. నొక్కుడుపడిన గాలి పెట్టెలోనికి ప్రవేశించి లోపలి ఒత్తిడిని వెలుపలిదానితో సమానము చేయును. అనగా గోడలు పీడనముతో పోరాడుటకు బదులు దానితో సంధిచేసికొన్నవి. ఎంతటి చక్కని యుపాయము! తరువాతివారు గట్టిలోహమును మెత్తనిరబ్బరును చౌకగా సంపాదించుకొనుటచేత దీనిని మఱచిరి గాని, బుద్ధిబలమున ఈ బుడగను మించినది తరువాతి నూఱేండ్లలోను మిక్కిలి యరుదు. కాంతివిషయమున మాత్రము బూతాన్‌కు కష్టములు తప్పలేదు. ఆనాటి పలకలు మందకొడివి; లోతున సూర్యకాంతి స్వల్పము; ఒక్కొక్క చిత్రమునకు ముప్పది నిమిషములవఱకు మూత తెఱచియుంచవలసివచ్చెను. కెమెరాను ఇనుపపీటపై అడుగున నిలిపి, తాను ప్రక్కన కదలక కాచుకొనియుండును. చేప మాత్రము అరగంటసేపు అతనికొఱకు నిలువదు కదా! అందుచేత తొలిచిత్రములందు రాళ్లును మొక్కలునే గాని చలించు ప్రాణులు లేవు.

కాబట్టి దీపమును గూడ నీటిలోనికి దింపవలయునను సంకల్పము కలిగెను. షోఫూర్ అను విద్యుత్పనివాడు ప్రాణవాయువు నింపిన గాజుబుడ్డిలో మెగ్నీషియపు తీగచుట్టనుంచి విద్యుత్తుతో మండించు సాధనమును చేసియిచ్చెను. వెలుగు బాగుగనే వచ్చెను గాని బుడ్డి పగిలిపోవుచుండెను. పిదప ప్రయోగశాలయందలి యంత్రపు పనివాడు జోసెఫ్ దావీద్ సాయమున, రెండువందల లీటర్ల పీపాయొకటి సంపాదించి, దానిలో ప్రాణవాయువు నింపి, దానిపై గాజుగంట బోర్లించి, గంటలోపల సారాదీపము వెలిగించి, రబ్బరుబుడ్డితో మెగ్నీషియపు పొడిని ఆ మంటపై నూదు ఏర్పాటు చేసిరి. ఇంతటి పీపాను నీటిలో ముంచి నిలుపుటకు ఎంత బరువు కట్టవలసియుండెనో పాఠకులే ఊహింపవచ్చును. 1899 నాటికి బూతాన్ విద్యుత్తువైపునకు తిరిగి, మూసిన గాజులలో ఆర్కుదీపములను వెలిగించి, పడవమీదనుండియే కెమెరాను నడిపి, ఏబది మీటర్ల లోతున చిత్రములు తీసెను. ఆ దినములలోనే, అంటార్కిటిక్ యాత్ర చేసివచ్చిన రుమేనియా శాస్త్రజ్ఞుడు ఎమిల్ రకోవిత్సా మునుగువాని వేషమున నీటి యడుగున నిలువగా తీసిన చిత్రము నేటికిని ప్రసిద్ధము. 1900లో బూతాన్ తన యనుభవములనన్నిటిని ఒక గ్రంథముగా ప్రకటించి, కొంతకాలమునకు ఇండోచైనాకు పోయెను; అతని మనస్సు ముత్యములమీదికి మఱలెను.

తరువాతి పాతికేండ్లలో రెండు ప్రయత్నములు మాత్రమే చెప్పదగినవి. జాన్ ఎర్నెస్ట్ విలియమ్సన్ అను అమెరికను పాత్రికేయుడు తన తండ్రి ఓడలనుండి నీటిలోనికి దింపుటకు కనిపెట్టిన లోహపు గొట్టముకొసన, పెద్దగాజుకిటికీగల గదినొకటి బిగించి, అందు కూర్చుండి 1914లో బహామాదీవులవద్ద చలనచిత్రము తీసెను. కెమెరాకు పెట్టె చేయుటకు మాఱుగా, కెమెరాను దానిని త్రిప్పు మనుష్యునితో కూడ ఒకే పెట్టెలో నుంచుట యది. రెండవది 1926లో ఫ్లారిడా దక్షిణాగ్రమునకు పడమట డ్రై టార్టూగస్ దీవులకడ జరిగినది. మత్స్యశాస్త్రజ్ఞుడు విలియమ్ లాంగ్లీయు, నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక చిత్రశాలాధికారి చార్లెస్ మార్టినును ఆటోక్రోము అను రంగుపలకలపై చేపల వర్ణచిత్రములు తీసిరి. కాంతికొఱకు నీటిపై తేలు తెప్పమీద మెగ్నీషియపు పొడిని పేల్చుచు, ఆ మెఱుపు క్రిందికి దిగిన క్షణముననే మూత తెఱచుకొనునట్లు చేసిరి. ఆ చిత్రములు 1927 జనవరి సంచికలో వెలువడెను. జలగర్భమునకు రంగు కలదని లోకమునకు కనులార తెలిసినది అప్పుడే.

మోయు బరువు నిజముగా తగ్గనారంభించినది మునుగువాని బంధములు తెగినపుడు. లోహశిరస్త్రాణమును సీసపు బూట్లును ధరించినవాడు అడుగున నడచునే గాని ఈదలేడు; నడచువానికి పెట్టె బరువైనను పీటపై నిలుపుట సరిపోవును. ఈదువానికి చేతిలో నిముడు పెట్టె కావలయును. వియన్నా నగరవాసి హాన్స్ హాస్ 1939లో ఇరువురు మిత్రులతో కరీబియన్ సముద్రమున క్యూరసావ్, బోనెయిర్ దీవులకు పోయి, ఈతకండ్లద్దములు తప్ప వేఱు ఆడంబరము లేకయే మునిగి, స్వయముగా పెట్టెకట్టిన చిన్న కెమెరాతో చేపలను వెంటాడెను. యుద్ధమారంభమగుటచేత ఆ యువకులు అమెరికా, జపాను, సైబీరియాల మీదుగా స్వదేశము చేరుకొనిరి. 1950 దశకమున హాస్ సూచనలతో జర్మనీయందలి ఫ్రాంకే-హైడెకే సంస్థ తన రోలీఫ్లెక్సు కెమెరాకు చేసిన రోలీమరీన్ అను పెట్టె చేతపట్టుకొని ఈదగలిగినవారికి చిరకాలము ఆదర్శముగా నిలిచెను.

ఫ్రాన్సున జాక్ కూస్తో 1942లో తన తొలి జలగర్భ చలనచిత్రమును తీసినపుడు పెట్టెను చేసియిచ్చినవాడు లెయోన్ వేష్ అను నౌకాయంత్రపు పనివాడు. యుద్ధకాలపు కఱవున సినిమాఫిల్ము దొరకక, నిశ్చలచిత్రములకై అమ్ము చిన్న చుట్టలను కొని, చీకటిలో దుప్పటిక్రింద దూరి అతికి పొడవుచేసికొనిరట. మఱుసటి సంవత్సరము కూస్తోయు ఇంజనీరు ఎమీల్ గాన్యానును కలసి రూపొందించిన ఆక్వాలంగ్ అను శ్వాసయంత్రము మునుగువానిని పడవతోడి గొట్టమునుండి విడిపించినది. 1956లో కూస్తో, లూయీ మాల్ ఇరువురును తీసిన ‘నిశ్శబ్దప్రపంచము’ అను చిత్రము కాన్ ఉత్సవమున అత్యున్నతబహుమతి నందుకొన్నది. అమెరికాయందలి ఎమ్.ఐ.టి. ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ 1953లో కూస్తో ఓడ ‘కలిప్సో’ ఎక్కి ఎలెక్ట్రానికు ఫ్లాషును అగాధజలములకు పరిచయముచేసెను. బూతాన్ పీపాయకు అది నిజమైన వారసురాలు.

పెట్టెయే లేని కెమెరాను చేయవచ్చునా? ఈ ప్రశ్నకు బెల్జియము దేశీయుడు జాన్ ద వూటర్స్ అను విమానశాస్త్రవేత్త సమాధానము చెప్పెను. కూస్తో ప్రోత్సాహమున అతడు నిర్మించిన ‘కలిప్సో’ కెమెరాయందు వెలుపలి యొడలే పెట్టె. 1960 దశకారంభమున ఫ్రాన్సులో అమ్మకమునకు వచ్చిన ఈ కెమెరాను జపానుదేశపు నికాన్ సంస్థ 1963నుండి నికనోస్ అను పేర తయారుచేసెను. భుజపుపట్టీ తగిలించు కొక్కెములనే మీటలుగా నుపయోగించి లోపలి యంత్రమును ఊడబెఱికి ఫిల్ము నింపవలయును. ఒకే మీట ఫిల్మును ముందుకు జరుపును, చిత్రమును తీయును. నీరు చొరకుండునట్లు కాపాడునది సన్నని రబ్బరు వలయము.

ఈ వలయమును గూర్చి రెండు మాటలు. డెన్మార్కున పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ అను యంత్రనిర్మాత తన వార్ధక్యమున దీనికి పేటెంటు పొందెను; అది 1939లో మంజూరయ్యెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానముల హైడ్రాలిక్ యంత్రములందు విస్తారముగా వాడబడి, తరువాత లోకమంతట వ్యాపించిన ఈ ఓ-రింగు లేనియెడల నేటి జలగర్భఛాయాగ్రహణము లేదు. మన వంటిండ్లలో ప్రెషర్ కుక్కరు మూతచుట్టు నుండు గాస్కెట్టు లోపలి ఆవిరి వెలికి పోకుండ నాపునట్లు, ఇది వెలుపలి నీరు లోనికి రాకుండ నాపును. గాడిలో కూర్చున్న వలయమును నీటిపీడనము సందువైపునకు నెట్టును గనుక, లోతు హెచ్చినకొలది అడ్డు బిగియుచునేయుండును. పెట్టె మూత సరిగా మూయనియెడల తొలి నీటిబొట్టు చాలమాఱు నీటిమట్టమునకు చేరువగానే కనబడుట కిదియే హేతువు. థాంప్సను చెక్కపెట్టెకు కొఱవడిన దీ యొక్క వస్తువే యనవచ్చును.

నికనోస్ కెమెరాను గూర్చి పెద్దవారు నేటికిని మమకారముతో మాటలాడుదురు. ఆ మమకారమును గౌరవించుచునే, దాని లోపములను గూడ చెప్పవలయును. కటకముగుండ చూచు సౌకర్యము మొదటి నమూనాలందు లేదు. దూరమును కంటితో అంచనావేసి కటకమును త్రిప్పవలయును. అతిసమీపచిత్రమునకు లోహపు చట్రమును కటకమునకు ముందు తగిలించి, దాని నడుమ ప్రాణిని ఇముడ్చవలయును. చట్రము సమీపించినంతనే చేప పలాయనము చేయుట పరిపాటి. ముప్పదియాఱు చిత్రములు తీసిన పిమ్మట, ఎంతటి యద్భుతము కంటబడినను చేయునదేమియులేదు. నీటిలో ఫిల్ము మార్చరాదు, కటకమును మార్చరాదు. 1972లో వచ్చిన 15 మిల్లీమీటర్ల విశాలకటకము, 1984లో వచ్చిన ఐదవ నమూనాయందు కటకముగుండ వచ్చిన కాంతిని కొలిచి ఫ్లాషును నియమించు సదుపాయము, 1992లో వచ్చిన ఆర్.ఎస్. నమూనా, ఇవన్నియు మెఱుగులే. ఐనను డిజిటల్ కెమెరా ముందు ఇవి నిలువలేదు. 2001లో నికాన్ ఈ వంశమును ముగించెను.

ఇట్లు పెట్టెను తొలగించిన నలుబదియేండ్ల ప్రయోగము ముగిసి, లోకము మరల పెట్టెకే వచ్చినది. ఇండియానాపోలిస్ నగరమున ఐక్ బ్రిగమ్ 1960 దశకమునుండి పారదర్శకమైన ప్లాస్టికుపెట్టెలను చేయుచుండెను. లోపల చేరిన నీటిచుక్కను కంటితో చూడవచ్చుననుట వాని సుగుణము. 2000 తరువాత కానన్, ఒలింపస్ వంటి సంస్థలు తమ చిన్న డిజిటల్ కెమెరాలకు తామే పాలికార్బొనేటు పెట్టెలను తయారుచేసి అమ్మనారంభించెను. వానిలో పెక్కింటిని నలువది మీటర్ల లోతువఱకు తీసికొనిపోవచ్చును. వెనుక తెరమీద దృశ్యమును చూచుచు తీయుటవలన చట్రముతోడను అంచనాతోడను పనిలేదు. చిన్న సెన్సారుగల కెమెరా ఎదుటి వస్తువునకు కొన్ని సెంటీమీటర్ల దూరమునకు పోయియు స్పష్టముగా చూడగలదు. నత్తలు, రొయ్యలు, పగడపుపుర్వులు వంటి సూక్ష్మప్రాణుల చిత్రణకు ఈ గుణము వరమైనది. 2012లో వచ్చిన సోనీ ఆర్.ఎక్స్.100 ఒక అంగుళపు సెన్సారును జేబులో నిముడు ఒడలిలో కూర్చెను. అదే సంవత్సరమున వచ్చిన ఒలింపస్ టి.జి. వరుస కెమెరా పెట్టెలేకయే పండ్రెండు మీటర్లకు దిగగలదు. తరువాతి నమూనాలు పదునైదు మీటర్లకు దిగును. వూటర్స్ తలచిన కలకు ఇది అల్పశేషము. అంతకు మించి పోవలసినచో దీనికిని పెట్టె తొడుగవలసినదే.

గోప్రో వృత్తాంతమున ఒక చిన్న పాఠము కలదు. కడలితరంగములపై పలకనెక్కి స్వారిచేయువారికొఱకు నిక్ వుడ్‌మన్ 2004లో అమ్మిన తొలి కెమెరా 35 మిల్లీమీటర్ల ఫిల్ముది. కొలదియేండ్లకు వచ్చిన హైడెఫినిషన్ వీడియో నమూనా పెట్టెకు ముందరి గాజు వంపు కలది. నేలమీద చక్కగా పనిచేసిన ఆ వంపు నీటిలో అదనపు కటకమై కెమెరా చూపును చెఱచెను. మునిగి తీసిన వీడియోలన్నియు మసకబారెను. చదునుగాజు పెట్టెలను ఇతరులు చేసి అమ్మిన పిమ్మట ఆ సంస్థయు చదునుగాజునకు మారెను. వంపుగాజు స్వతహాగా దోషము కాదు. డోమ్ పోర్టు అనబడు అర్ధగోళపు గాజు సరియైన స్థానమున నుండి, కెమెరా అతిచేరువ దూరమున కేంద్రీకరింపగలిగినచో, నీరు హరించిన విశాలదృశ్యమును తిరిగి యిచ్చును. చిన్న కెమెరాను పెట్టుకొన్నవారికి ఈ సౌకర్యమును వెలుపలి కటకములు కల్పించుచున్నవి. పెట్టె ముందరి మెడపై 67 మిల్లీమీటర్ల మరను చెక్కుట తయారీదారులలో ఆనవాయితీ యైనందున, జపానుదేశపు ఇనాన్ చేసిన కటకమైనను హాంకాంగు నౌటికాం చేసిన కటకమైనను దానికి ఎక్కును. ఒకే మునుకలో విశాలకటకముతో పగడపుదిబ్బను తీసి, దానినూడదీసి, సూక్ష్మకటకమును బిగించి రొయ్యను తీయవచ్చును. వేలకొలది డాలర్ల పెద్ద కెమెరాలుగలవారికి ఈ యదృష్టము చిరకాలము లేకుండెను. వారు పడవమీద ఎంచుకొన్న కటకముతోనే మునుక యంతయు గడుపవలసివచ్చెను.

దీపములవిషయము కొంత సూక్ష్మమైనది. చిన్న కెమెరా ఒడలిలోని ఫ్లాషు కటకమునకు ప్రక్కనే యుండుటచేత, నీటిలో తేలియాడు రేణువులపై ఆ కాంతి పడి, తిన్నగా కటకములోనికే మరలి, చిత్రమంతట మంచుకురిసినట్లు తెల్లనిచుక్కలు నింపును. గోదావరీ కృష్ణా ముఖములకు చేరువగా ఒండ్రునీరు కలియు మన తీరమున ఈ బాధ మఱింత హెచ్చు. స్వచ్ఛజలములను కోరు మనవారు అండమాను, లక్షద్వీపములకు పోవుటకు ఇదియు నొక కారణము. దీనికి విరుగుడు దీపమును కెమెరానుండి దూరముగా ప్రక్కకు జరుపుట. ట్రేయును, అంగుళపు గుండ్లును బిగింపులునుగల మడతచేతులును పుట్టినది ఇందుకే. ఐతే దూరముననున్న స్ట్రోబునకు ఎప్పుడు వెలుగవలయునో చెప్పుటెట్లు? పూర్వము పెట్టెగోడకు రంధ్రముచేసి విద్యుత్తీగను పంపుచుండిరి. ప్రతిరంధ్రమును నీటికొక ద్వారము. నేడు కెమెరా ఫ్లాషు పెట్టెలోపలనే మిణుకుమనును, ఆ మిణుకును గాజునారవంటి ఫైబర్ ఆప్టిక్ కేబులు మోసికొనిపోవును, స్ట్రోబు దానిననుకరించి మెఱయును. పెట్టెకు రంధ్రము లేదు. ఈ శతాబ్దమున జలగర్భఛాయాగ్రహణమునకు జరిగిన మేలులలో దీనిని అగ్రగణ్యమైనదిగా నేనెంచుదును. వీడియోకు మెఱుపు పనికిరాదు, నిలుకడకాంతి కావలయును. ఒకనాడు బరువైన బ్యాటరీడబ్బాతో హాలొజెన్ దీపములను మోసిన మునుగువాడు నేడు పిడికిలంత ఎల్.ఇ.డి. దీపముతో సరిపుచ్చుకొనుచున్నాడు, దీపము చాలనిచోట తెల్లపలకను చూపి కెమెరాకు తెలుపువర్ణమును నేర్పుటయు, ఎఱ్ఱ ఫిల్టరు తొడుగుటయు పరిపాటి.

ఇన్నియు కూడిన పిదప బరువు తేల్చుట మిగిలియుండును. అల్యూమినియపు పెట్టె నీటిలో మునుగును. చేతులకు గాలినింపిన గొట్టములను గాని తేలికయైన ఫోముముక్కలను గాని కట్టి, సామగ్రి మునుగక తేలక నిలుచునట్లు చూతురు. మూత మూయుటకుముందు ఓ-రింగును తీసి, వెండ్రుకయో, ఇసుకరేణువో, తుండుగుడ్డ నూలుపోగో అంటియున్నదేమోయని వేలిమొనతో తడవి, సిలికాను గ్రీజును పలుచగా పూయుదురు. మందముగా పూసిన గ్రీజు దుమ్మును పట్టును గాని నీటిని పట్టదు. కొన్ని పెట్టెలలో చేతిపంపుతో లోపలిగాలిని కొంత తోడివేసి, ఒత్తిడి నిలిచియున్నదో లేదో చిన్న దీపము రంగునుబట్టి పడవమీదనే తెలిసికొను ఏర్పాటును కలదు. బూతాన్ పెట్టెలోనికి గాలిని పంపెను. వీరు పెట్టెలోని గాలిని తీయుచున్నారు.

ఈ వ్యాపారమునందలి యొక విపరీతమును చెప్పక తప్పదు. లోహపు పెట్టె ఒక్క నమూనా కెమెరాకు మాత్రమే కొలిచి చేయబడును. బొత్తము ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగినను అది చెల్లదు. కెమెరాను చేయువారు రెండుమూడేండ్లకొకమాఱు నమూనా మార్చుచుందురు. పెట్టె ధర కెమెరా ధరకు మించియుండుట సామాన్యము. అందువలన లోకమంతయు క్రొత్త కెమెరాలకు ఎగబడుచుండగా, మునుగువారిలో పలువురు పాతసరకుల యంగళ్లలో తమ పెట్టెకు సరిపోవు, తయారీ నిలిచిపోయిన పాతనమూనానే వెదకి, ఒకటి పాడైనపుడు మఱియొకటి యుండవలయునని రెండేసి కొని దాచుకొందురు.